చేతి జీపీఎస్‌లో అక్కరలేని గుర్తులను ఏరి తొలగించే పద్ధతి

చేతి జీపీఎస్‌ను రెండు మూడేళ్ళు పొలాల్లోనో, అడవుల్లోనో, సముద్రం మీదనో వాడిన వారెవరి పరికరం తెరిచి చూసినా పటం నిండా నీలి జెండాలు కనిపిస్తాయి. 001, 002, 057 అంటూ అంకెలు ఒకదాని మీద ఒకటి పడి, అసలు చూడవలసిన కాలిబాటను, వాగును కప్పేస్తాయి. ఏ అంకె ఏ చోటిదో పెట్టిన వారికే గుర్తుండదు. ఇది కంటికి చిరాకు కలిగించే విషయం మాత్రమే కాదు. గార్మిన్ ఈట్రెక్స్ 10లో 1000 గుర్తులకు మించి పట్టవు. ఈట్రెక్స్ 20, 30లలో 2000 పడతాయి. పాత ఈట్రెక్స్ హెచ్ వంటి వాటిలో 500 మాత్రమే. ఆ పరిమితి నిండిన రోజున దారి తెలియని చోట నిలబడి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అప్పటికప్పుడు తేల్చుకోవలసి వస్తుంది. అది ఇంటి దగ్గర, తీరికగా చేయవలసిన పని.

పని కష్టమైనది కాదు గానీ, క్రమం తప్పితే జరిగే నష్టం తిరిగి పూడ్చుకోలేనిది. ఫోనులో తొలగించిన ఫొటోలు కొన్నాళ్ళు ఒక పక్కన నిలిచి ఉన్నట్టు ఈ పరికరాల్లో ఉండవు. ఒకసారి తొలగించమని ఒప్పుకున్నాక ఆ చోటు పోయినట్టే. కింద చెప్పిన వివరాలు మన దగ్గర తరచుగా కనిపించే గార్మిన్ ఈట్రెక్స్ 10, 20, 30 పరికరాలకు, జీపీఎస్‌మ్యాప్ 64 వరుసకు సరిపోతాయి. మిగతా వాటిలో మెనూల పేర్లు కొద్దిగా మారినా పద్ధతి ఇదే. పరికరంలో మెనూలు మామూలుగా ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఆ పేర్లను అలాగే తెలుగు లిపిలో రాశాను.

ఆ గుర్తు ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి

"ఎంత వెతికినా డిలీట్ అనే మాటే కనిపించడం లేదు" అని చాలామంది అంటూ ఉంటారు. దాదాపు ప్రతిసారీ కారణం ఒక్కటే: తెర మీద పక్కపక్కనే కనిపించే గుర్తులన్నీ పరికరం లోపల ఒకే చోట ఉండవు. అవి నాలుగు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి, తొలగించే దారి కూడా నాలుగింటికీ వేరు.

మొదటిది, మనం స్వయంగా పెట్టుకున్న గుర్తు. దీన్నే వేపాయింట్ అంటారు. ఈట్రెక్స్‌లో జాయ్‌స్టిక్‌ను లోపలికి నొక్కి పట్టుకుంటే, జీపీఎస్‌మ్యాప్ 64లో మార్క్ మీట నొక్కితే పుట్టేది ఇదే. పేరు మార్చకపోతే అంకెతో, చిహ్నం మార్చకపోతే నీలి జెండాతో నిలిచిపోతుంది. వేపాయింట్ మేనేజర్‌లో కనిపించేవి ఇవి మాత్రమే.

రెండోది ట్రాక్, అంటే నడిచిన దారి పొడవునా పరికరం తనంతట తాను వేసుకుంటూ పోయే చుక్కల వరుస. అది పటం మీద గీతలా కనిపిస్తుంది. దాన్ని వేపాయింట్ల జాబితాలో ఎంత వెతికినా దొరకదు. ట్రాక్ మేనేజర్‌లోకి వెళ్ళి, ఆ ట్రాక్‌ను పటం మీద కనిపించకుండా చేయవచ్చు, అక్కరలేకపోతే తొలగించవచ్చు. ప్రస్తుతం నడుస్తున్న ట్రాక్‌ను చెరిపివేయడానికి క్లియర్ కరెంట్ ట్రాక్ అనే ఎంపిక వేరుగా ఉంటుంది.

మూడోది, కంప్యూటర్ నుంచి గుంపుగా ఎక్కించిన ఆసక్తి స్థలాల ఫైలు. గార్మిన్ వారి పీఓఐ లోడర్ అనే ప్రోగ్రాంతో పెట్రోలు బంకులు, గుళ్ళు, విశ్రాంతి భవనాలు వంటి జాబితాలు ఎక్కిస్తే అవి జీపీఐ అనే రకం ఫైలుగా మారి, పరికరంలోని పీఓఐ ఫోల్డరులో కూర్చుంటాయి. వీటిలో ఒక్కొక్క దాన్ని పరికరం మీద తొలగించే వీలు లేదు. కంప్యూటరుకు తగిలించి ఆ ఫైలునే తీసివేయాలి, లేదా పీఓఐ లోడర్‌లో ఇదివరకు ఎక్కించిన వాటిని తొలగించే ఎంపిక వాడాలి. జాబితాలో ఒకటి రెండు చోట్లు మాత్రమే వద్దనుకుంటే మూల జాబితాను సరిదిద్ది మళ్ళీ ఎక్కించుకోవడమే దారి.

నాలుగోది, పటంలోనే అచ్చయి ఉన్న స్థలం. ఎవరైనా సరిదిద్దగల ఉచిత ఇంటర్నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా తయారైన పటం వేసుకున్న వారికి ఊళ్ళ పేర్లు, బస్టాపులు, దుకాణాలు కనిపించేది ఇలాగే. ఇవి పటం ఫైలులో భాగం కాబట్టి ఏ మెనూలోనూ తొలగించలేం. గుడి తప్పుచోట కనిపిస్తోందంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే సరిచేసి, తరువాత వచ్చే పటాన్ని దింపుకోవాలి. అంతవరకు పరికరంలో పటం వివరాల స్థాయిని తగ్గించుకోవచ్చు.

ఏది ఏ రకమో చిటికెలో తెలుసుకునే మార్గం ఒకటుంది. పటం మీద బాణాన్ని ఆ గుర్తు పైకి జరిపి, పైన కనిపించే పేరును ఎంచుకుని, మెనూ మీట నొక్కాలి. అక్కడ డిలీట్ కనిపిస్తే అది మీ వేపాయింట్. కనిపించకపోతే అది ఫైలు నుంచో పటం నుంచో వచ్చినది. ఇక్కడి నుంచి చెప్పబోయేది ప్రధానంగా మొదటి రకం గురించే, ఎందుకంటే పేరుకుపోయేవి అవే, పొరపాటున పోతే బాధ కలిగించేవీ అవే.

నకలు తీసుకోనిదే ఒక్కటీ తొలగించవద్దు

పరికరాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపితే పెన్‌డ్రైవ్ మాదిరిగా ఒక డ్రైవు తెరుచుకుంటుంది. అందులో గార్మిన్ ఫోల్డరు, దాని లోపల జీపీఎక్స్ ఫోల్డరు ఉంటాయి. వేపాయింట్లు, దాచుకున్న ట్రాకులు, రూట్లు (మజిలీలు కలిపి ముందే వేసుకున్న ప్రయాణ మార్గాలు) అన్నీ అందులోనే. ఆ ఫోల్డరును ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటరులోకి కాపీ చేసి, ఆనాటి తేదీతో పేరు పెట్టాలి. ఇంతే పని, నిమిషం కూడా పట్టదు. అయినా ఇది చేసేవారు తక్కువ, చేయనందుకు తరువాత విచారించేవారు ఎక్కువ.

జీపీఎక్స్ అనేది జీపీఎస్ సమాచారాన్ని దాచే ఒక ఫైలు రకం, ఏ ఒక్క కంపెనీకో చెందిన రహస్య రూపం కాదు. 2002లో మొదలై, 2004లో 1.1 రూపానికి వచ్చిన బహిరంగ పద్ధతి అది. కాబట్టి ఈ నకలును రేపు మరో కంపెనీ పరికరంలోనైనా, ఫోను యాప్‌లోనైనా, గూగుల్ ఎర్త్‌లోనైనా, పటాల పనికి వాడే క్యూజీఐఎస్ ప్రోగ్రాంలోనైనా తెరవవచ్చు. పరికరం పాడైపోయినా గుర్తులు మిగులుతాయి.

ఏది అక్కరలేనిది?

మొత్తం పనిలో బుద్ధి పెట్టవలసిన చోటు ఇది. మీట నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. ఏ గుర్తు విలువ ఎంతో తేల్చడం మాత్రం ఆ నేల తెలిసినవారి వల్లనే అవుతుంది.

తప్పుగా పుట్టిన గుర్తులను ముందు ఏరాలి, ఎందుకంటే వాటి విషయంలో సందేహానికి తావు లేదు. పరికరం సంచిలో ఉండగా జాయ్‌స్టిక్ నొక్కుకుపోయి పుట్టినవి, కారు పార్కింగులో ప్రయత్నించి చూసినవి, అక్షాంశ రేఖాంశాలు తప్పుగా కొట్టినందువల్ల ఎక్కడో పడినవి ఈ కోవకు వస్తాయి. చివరివాటిని పట్టుకోవడానికి వేపాయింట్ మేనేజర్‌లోని జాబితాను దూరం ప్రకారం చూడాలి. మీరు ఎన్నడూ వెళ్ళని వేల కిలోమీటర్ల దూరంలో ఒక గుర్తు కనిపిస్తే అది అంకెల పొరపాటే. హైదరాబాదు అక్షాంశం సుమారు 17.38, రేఖాంశం సుమారు 78.48. ఈ రెండింటినీ తారుమారు చేసి కొడితే ఆ గుర్తు ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. రెండూ సున్నాలైపోయిన గుర్తు ఆఫ్రికా పడమటి తీరాన గినీ సింధుశాఖలో తేలుతుంది. ఇటువంటివి ఎంత దూరాన ఉంటే అంత తేలికగా దొరుకుతాయి.

దగ్గరలో పడిన తప్పు గుర్తులు అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే అవి నిజమైన వాటిలాగే కనిపిస్తాయి. గార్మిన్ పరికరాలు మొదట డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతుల రూపంలో అంకెలు అడుగుతాయి. ఫోనులోని పటం మాత్రం డిగ్రీల దశాంశాల్లో ఇస్తుంది. ఫోనులో 17.3850 అని చూసి, పరికరంలో 17 డిగ్రీల 38.50 నిమిషాలు అని కొట్టేవారు ఎందరో. నిజానికి 17.3850 డిగ్రీలంటే 17 డిగ్రీల 23.1 నిమిషాలు. తేడా 15.4 నిమిషాలు, అంటే అక్షాంశంలోనే సుమారు 28 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. చుక్క తరువాతి రెండంకెలు 60కి మించితే పరికరం ఒప్పుకోదు కాబట్టి పొరపాటు బయటపడుతుంది. అంతకంటే తక్కువైతే మారుమాట లేకుండా తీసుకుంటుంది. అందువల్ల అంకెలు కొట్టి పెట్టిన గుర్తులను ఒకసారి ఉపగ్రహ చిత్రం మీద వేసి చూడటం మంచిది. చెరువు గట్టు అని పేరున్న గుర్తు ఊరి నడిమధ్యన కనిపిస్తే కారణం ఇట్టే తెలిసిపోతుంది.

అలాగని కొద్దిగా పక్కకు జరిగిన ప్రతి గుర్తునూ తప్పని తీసివేయకూడదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (కొండలు, వాగులు చూపే కాగితపు పటాలు) ఎవరెస్ట్ ప్రమాణం మీద, అంటే భూమి ఆకారాన్ని లెక్కించే ఒక పాత పద్ధతి మీద తయారైనవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. 2005 నాటి జాతీయ పటాల విధానం తరువాత వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలు మాత్రమే ఈ రెండో ప్రమాణం మీద ఉన్నాయి. పాత షీటు నుంచి చదివిన అంకెలను మార్చకుండా కొడితే మన ప్రాంతంలో గుర్తు నూరు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఒకే షీటు నుంచి తీసుకున్న గుర్తులన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగి ఉంటే అవి చెత్త కాదు, ప్రమాణం మార్చి సరిదిద్దుకోవలసిన విలువైన సమాచారం.

తరువాతవి జంట గుర్తులు. ఆకాశం తెరిపిగా ఉన్న చోట కూడా చేతి జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతోనే చెబుతుంది; దట్టమైన చెట్ల కింద, లోయల్లో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందువల్ల ఒకే బావి దగ్గర మూడుసార్లు గుర్తు పెడితే మూడూ మూడు చోట్ల పడతాయి. ఏది ఉంచాలన్న దానికి సులభమైన నియమం లేదు. తాజాది మంచిదని అనుకోవడం పొరపాటు; వర్షాకాలంలో ఆకులు దట్టంగా ఉన్నప్పుడు పెట్టిన కొత్త గుర్తుకంటే, ఎండాకాలంలో ఆకు రాలిన అడవిలో పెట్టిన పాత గుర్తే సరిగా ఉండవచ్చు. వీలైతే ఉపగ్రహ చిత్రంతో పోల్చాలి, లేదా మళ్ళీ అక్కడికి వెళ్ళినప్పుడు తేల్చుకోవాలి. అంతవరకు మూడూ ఉంచితే పోయేదేమీ లేదు.

ఇక అసలు చిక్కు పనికిరానట్టు కనిపించే మంచి గుర్తులతో వస్తుంది. నల్లమలలో తిరిగేవారు వాగు ఇసుకలో చెలమ తవ్విన చోటును గుర్తు పెట్టుకుని ఉంటారు. వైశాఖంలో వెళ్ళి చూస్తే అక్కడ తడి కూడా ఉండదు, అందువల్ల ఆ గుర్తు తీసివేయాలనిపిస్తుంది. కానీ ఏ నెలలో ఎండిందన్నది కూడా సమాచారమే. ఆ గుర్తు నోట్‌లో ఆ మాట చేర్చి ఉంచాలి. వన్యప్రాణుల నీటి కోసం కట్టిన సాసర్ పిట్లు, కాలిపోయిన మేరలు, మూతపడిన కాలిదారులు కూడా ఇటువంటివే. సముద్రం మీద వేటకు వెళ్ళేవారికి ఇది ఇంకా పెద్ద విషయం: చేప పడిన చోటు ఏడాదికేడాది మారవచ్చు, కానీ నీటి అడుగున రాళ్ళో, మునిగిన పడవ శిథిలాలో ఉండి వల చిక్కుకుపోయిన చోటు మారదు. అటువంటి గుర్తు పదేళ్ళ నాటిదైనా తీయకూడదు. పాతది కాబట్టి పనికిరాదన్న లెక్క ఇక్కడ చెల్లదు.

తేదీ మీద ఆధారపడి తొలగించేవారికి మరో హెచ్చరిక. జీపీఎస్ ఉపగ్రహాలు వారాలను 1024 వరకు లెక్కపెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి. 2019 ఏప్రిల్ 6న ఆ లెక్క తిరిగి మొదలైంది. సాఫ్ట్‌వేర్ తాజాగా లేని పాత పరికరాలు కొన్ని ఆ రోజు నుంచి దాదాపు 19 ఏళ్ళ 7 నెలలు వెనుకటి తేదీ చూపించసాగాయి. స్థానం సరిగానే ఉంటుంది, తేదీ మాత్రమే తప్పు. అటువంటి పరికరంలో "2010కు ముందువన్నీ పాతవి" అని తొలగిస్తే నిన్న మొన్న పెట్టినవే పోతాయి.

పరికరం మీదనే తొలగించడం

పదో పదిహేనో గుర్తులైతే కంప్యూటరు అక్కరలేదు. మెయిన్ మెనూలో వేపాయింట్ మేనేజర్ తెరవాలి. జాబితా కనిపించాక మెనూ మీట నొక్కితే వెతకడానికి, క్రమం మార్చడానికి దారులు కనిపిస్తాయి: స్పెల్ సెర్చ్‌తో పేరులోని అక్షరాలు కొట్టి వెతకవచ్చు, సెలెక్ట్ సింబల్‌తో ఒక రకం చిహ్నమున్న వాటిని మాత్రమే చూడవచ్చు, సెర్చ్ నియర్‌తో వేరే ఊరి చుట్టుపక్కల ఉన్నవాటిని తెప్పించుకోవచ్చు, సార్ట్‌తో పేరు క్రమానికీ దూరం క్రమానికీ మార్చుకోవచ్చు. పేరు పెట్టని అంకెల గుర్తులన్నీ పేరు క్రమంలో ఒకచోట చేరతాయి కాబట్టి మొదట ఆ క్రమంలో చూడటం నయం.

వద్దనుకున్న దాన్ని ఎంచుకుని లోపలికి వెళితే పేరు, చిహ్నం, నోట్, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు కనిపిస్తాయి. ఇక్కడ ఒక క్షణం ఆగి నోట్ చదవాలి; పెట్టిన తేదీ, సమయం తరచుగా అక్కడే ఉంటాయి, వాటితోనే ఆ చోటు జ్ఞాపకం వస్తుంది. తరువాత మ్యాప్ ఎంచుకుని ఎక్కడ పడిందో చూడాలి. అప్పటికీ వద్దనిపిస్తే మెనూ మీట నొక్కి, డిలీట్ ఎంచుకుని, యెస్ అనాలి.

ఆ గుర్తు ఏదైనా రూట్‌లో మజిలీగా ఉందేమో ముందే చూసుకోవాలి. పరికరం తరాన్ని బట్టి రూట్ ప్రవర్తన మారుతుంది కాబట్టి, రూట్ ప్లానర్ తెరిచి, ఆ రూట్‌లో మజిలీ మార్చుకున్నాకే గుర్తును తీయడం క్షేమం. అలాగే దగ్గరికి రాగానే మోత మోగించే గుర్తు విసుగు కలిగిస్తుంటే గుర్తును చంపనక్కరలేదు. ప్రాక్సిమిటీ అలారమ్స్‌లోకి వెళ్ళి ఆ హెచ్చరికను మాత్రమే తీసివేస్తే సరిపోతుంది.

అన్నింటినీ ఒకేసారి తుడిచివేసే దారి సెటప్‌లోని రీసెట్ కింద ఉంటుంది: డిలీట్ ఆల్ వేపాయింట్స్. దాని పొరుగునే ట్రిప్ లెక్కలను సున్నా చేసేది, ప్రస్తుత ట్రాక్‌ను చెరిపేది, సెట్టింగులన్నింటినీ మొదటికి తెచ్చేది కూడా ఉంటాయి. ఎండలో తెర సరిగా కనిపించనప్పుడు, ప్రయాణంలో ట్రిప్ లెక్కలు సున్నా చేయబోయి పక్క వరుస నొక్కే ప్రమాదం ఉంది. ఈ మెనూను నీడలో, నిలబడి, రెండుసార్లు చదివి నొక్కడం అవసరం.

వందల్లో ఉంటే కంప్యూటరులో

పరికరం ప్రతి రోజు గుర్తులనూ ఒక్కొక్క జీపీఎక్స్ ఫైలులో దాస్తుంది. ఫైలు పేరులో వేపాయింట్స్ అనే మాట తరువాత ఆ రోజు తేదీ ఉంటుంది. అంటే ఫలానా రోజు చేసిన సర్వే పని మొత్తం ఒకే ఫైలు. ఆ రోజు గుర్తులేవీ వద్దనుకుంటే ఆ ఒక్క ఫైలును తీస్తే చాలు. జీపీఎక్స్ లోపల కరెంట్, ఆర్కైవ్ అనే ఫోల్డర్లు కూడా ఉండవచ్చు. అవి ట్రాకులవి, వాటి జోలికి పోనక్కరలేదు.

ఇక్కడ నేను గట్టిగా సూచించేది ఫైలును నాశనం చేయవద్దని. దాన్ని పరికరంలోని జీపీఎక్స్ ఫోల్డరు నుంచి బయటికి, కంప్యూటరులోని వేరే ఫోల్డరుకు జరపాలి. జీపీఎక్స్ ఫోల్డరులో లేని ఫైలును పరికరం చదవదు, గుర్తులు తెర మీద నుంచి మాయమవుతాయి, కావలసిన రోజున తిరిగి పెట్టుకుంటే మళ్ళీ వస్తాయి. నాలుగేళ్ళకోసారి జరిగే పులుల గణన కోసం కెమెరా ట్రాపులు పెట్టిన చోట్ల వంటివి రోజూ పరికరంలో ఉండనక్కరలేదు గానీ, వచ్చే విడతకు పోల్చుకోవడానికి తప్పక కావాలి. అటువంటి వాటికి ఇదే సరైన ఏర్పాటు.

ఒకే ఫైలులో కొన్ని ఉంచి కొన్ని తీయాలంటే గార్మిన్ వారి కంప్యూటర్ ప్రోగ్రాం బేస్‌క్యాంప్ వాడవచ్చు. ఎడమ పక్కన పరికరం పేరు కింద ఉన్న ఇంటర్నల్ స్టోరేజ్ ఎంచుకుంటే లోపలి గుర్తులు జాబితాగా వస్తాయి. కంట్రోల్ మీట పట్టుకుని కావలసినన్ని ఎంచుకుని ఒకేసారి తొలగించవచ్చు. మై కలెక్షన్‌లో కనిపించేవి కంప్యూటరులోనివి, ఇంటర్నల్ స్టోరేజ్‌లో కనిపించేవి పరికరంలోనివి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని, ఒక చోట తీసి రెండో చోట పోలేదని తికమకపడటం మామూలే. బేస్‌క్యాంప్‌లో ఒక జాబితా నుంచి తీసిన గుర్తు మై కలెక్షన్‌లో మిగిలే ఉంటుందన్నది కూడా గమనించాలి.

క్యూజీఐఎస్ తెలిసినవారికి అంతకంటే మంచి దారి ఉంది. జీపీఎక్స్ ఫైలును నేరుగా పొరగా తెరిచి, ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూస్తే జంట గుర్తులు, తప్పుచోట పడినవి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. ఏవి తీయాలో అక్కడ పేర్లు రాసుకుని, బేస్‌క్యాంప్‌లోనో పరికరంలోనో తీయవచ్చు.

మామూలు నోట్‌ప్యాడ్‌తో కూడా జీపీఎక్స్ ఫైలును తెరిచి సవరించవచ్చు. ప్రతి గుర్తూ డబ్ల్యూపీటీ అనే ట్యాగుతో మొదలై, ఏటవాలు గీటు చేరిన అదే ట్యాగుతో ముగుస్తుంది. మధ్యలో ఎత్తు, సమయం, పేరు, చిహ్నం ఉంటాయి. తీసేటప్పుడు మొదటి ట్యాగు నుంచి ముగింపు ట్యాగు వరకు పూర్తిగా తీయాలి. ఒక్క ముగింపు ట్యాగు మిగిలిపోయినా, లోపించినా ఆ ఫైలులోని గుర్తులన్నింటినీ పరికరం చదవడం మానేస్తుంది. కొన్నిసార్లు పరికరం తెరుచుకునేటప్పుడే మధ్యలో నిలిచిపోతుంది. అలా నిలిచిపోతే భయపడనక్కరలేదు. కంప్యూటరుకు తగిలించి, చివరగా సవరించిన ఫైలును బయటికి తీస్తే మళ్ళీ మామూలుగా తెరుచుకుంటుంది. పని అయ్యాక ఎజెక్ట్ చేయకుండా తీగ పీకడం వల్ల కూడా ఇటువంటి పాడైన ఫైళ్ళు పుడతాయి.

తీసినవి మళ్ళీ ఎందుకు వస్తున్నాయి?

ఈట్రెక్స్ 20, 30 వంటి వాటిలో మైక్రో ఎస్‌డీ కార్డు ఉంటుంది, ఆ కార్డులో కూడా గార్మిన్, జీపీఎక్స్ ఫోల్డర్లు ఉండవచ్చు. లోపలి మెమరీలో తీసినా కార్డులో నకలు ఉంటే గుర్తు అలాగే కనిపిస్తుంది. ఈట్రెక్స్ 10లో కార్డు లేదు కాబట్టి ఆ బెడద లేదు. మ్యాక్ కంప్యూటరులో తొలగించిన ఫైళ్ళు పరికరం లోపలే, కంటికి కనపడని ట్రాష్ ఫోల్డరులో మిగిలిపోయి చోటు ఆక్రమిస్తాయి; తీగ తీయకముందే ట్రాష్ ఖాళీ చేయాలి. ఫోనులోని గార్మిన్ ఎక్స్‌ప్లోర్ యాప్‌తో సింక్ అయ్యే కొత్త పరికరాల్లో యాప్‌లో కూడా తీయాలి, లేకపోతే తరువాతి సింక్‌లో తిరిగి రావచ్చు.

అమెరికాలో, ఐరోపాలో ఉంటూ పిల్లలతో జియోకాషింగ్ (ఇతరులు దాచిన పెట్టెలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట) ఆడే మన వాళ్ళకు మరో కారణం ఎదురవుతుంది. పాకెట్ క్వెరీ, అంటే ఆ పెట్టెల జాబితా, దింపుకున్నప్పుడు రెండు ఫైళ్ళు వస్తాయి. ఒకటి దాచిన పెట్టెలది, రెండోది పార్కింగు చోట్లు, మధ్య మజిలీలు వంటి అదనపు స్థలాలది. ఈ రెండో ఫైలులోనివి మామూలు వేపాయింట్లుగా చేరి పటాన్ని నింపేస్తాయి. ఆ ఫైలును తీసేస్తే సరి.

తీయకుండా దాచడం

అన్నీ కావాలి, కానీ నడిచేటప్పుడు పటం తేటగా ఉండాలి అనుకునేవారికి సెటప్, మ్యాప్, అడ్వాన్స్‌డ్ అనే దారిలో జూమ్ లెవెల్స్ ఉంటుంది. అందులో యూజర్ వేపాయింట్స్ దగ్గర ఎంత దగ్గరికి జూమ్ చేస్తే గుర్తులు కనిపించాలో పెట్టుకోవచ్చు. కొన్ని వందల మీటర్ల స్థాయి పెట్టుకుంటే, దూరం నుంచి చూసినప్పుడు పటం శుభ్రంగా ఉంటుంది, దగ్గరికి వెళ్ళినప్పుడు గుర్తులు పైకి వస్తాయి. పూర్తిగా ఆపివేయడమూ సాధ్యమే, కానీ తరువాత మరచిపోయి గుర్తులు పోయాయని కంగారుపడతారు. అక్కడే ఉన్న టెక్స్ట్ సైజ్‌లో గుర్తుల పేర్ల అక్షరాలు చిన్నవి చేసుకోవచ్చు. నా అభిప్రాయంలో సగం మందికి ఈ రెండు మార్పులతోనే పని తీరిపోతుంది, తొలగించవలసిన అవసరమే రాదు.

చెత్త పుట్టకుండా చూసుకోవడం

పెట్టిన చోటనే, కదలకముందే పేరు పెట్టడం అన్నింటికంటే ముఖ్యం. సాయంత్రం పెట్టుకుందామని వదిలిన అంకెల గుర్తుకు పేరు రావడం అరుదు. తెలుగు లిపిలో పెట్టిన పేర్లు చాలా చేతి పరికరాల్లో సరిగా కనిపించవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే చిన్నగా పెట్టాలి. మొదటి రెండు అక్షరాలు రకాన్ని చెప్పేలా ఉంటే, నీళ్ళకు ఒకటి, దారి చీలికకు ఒకటి, విడిదికి ఒకటిగా, పేరు క్రమంలో చూసినప్పుడు ఒకే రకానివన్నీ ఒకచోట చేరతాయి. చిహ్నం కూడా మార్చాలి. నీలి జెండాను తేల్చిన ఏ గుర్తుకూ ఇవ్వకుండా ఉంచితే, ఆ తరువాత నీలి జెండా కనిపించిందంటే అది తేల్చవలసిన గుర్తని అర్థం. సెలెక్ట్ సింబల్‌తో వాటన్నింటినీ ఒక్కసారిగా చూడవచ్చు.

ఒకే చోట మళ్ళీ మళ్ళీ గుర్తు పెట్టే బదులు ఉన్నదాన్నే మెరుగుపరచాలి. పాత గుర్తు తెరిచి, మెనూలో రిపొజిషన్ హియర్ ఎంచుకుంటే అది ఇప్పుడు మీరు నిలబడిన చోటుకు జరుగుతుంది. మరింత కచ్చితత్వం కావాలంటే వేపాయింట్ ఏవరేజింగ్ వాడాలి. ఒకే చోటును నాలుగు నుంచి ఎనిమిది సార్లు, కనీసం 90 నిమిషాల ఎడంతో కొలిచి సగటు తీస్తే మంచి ఫలితం వస్తుందని గార్మిన్ సూచన. ఆ మధ్యలో ఉపగ్రహాల అమరిక మారుతుంది కాబట్టి ఒకసారి వచ్చిన తేడా మరోసారి అదే దిక్కుకు రాదు. బావి, సరిహద్దు రాయి, గుహ ముఖద్వారం వంటి శాశ్వతమైన చోట్లకు ఈ ఓపిక తగినదే. అయితే సరిహద్దు తగాదాకు సాక్ష్యంగా చేతి జీపీఎస్ ఎన్నడూ చాలదు. అది సర్వేయర్ల పరికరాల పని.

పరికరం చేతులు మారేటప్పుడు

అమ్మేటప్పుడు, బదిలీ మీద వెళుతూ మరొకరికి అప్పగించేటప్పుడు పద్ధతి వేరు. మీ ఇల్లు, పొలం, రోజూ తిరిగే దారి, ఇతరులకు తెలియకూడని పెద్దపులి గుహ లేదా అరుదైన మొక్క ఉన్న చోటు అందులో ఉండవచ్చు. ముందు పూర్తి నకలు తీసుకోవాలి. అప్పగించేది సహోద్యోగికైతే, ఆయనకు పనికివచ్చే నీటి చోట్లు, దారి చీలికలు, ప్రమాద స్థలాలు ఒక ఫైలుగా విడిగా ఉంచాలి. తరువాత రీసెట్ కింద గుర్తులన్నీ తొలగించి, ట్రాక్ మేనేజర్‌లో దాచిన ట్రాకులు తీసి, ప్రస్తుత ట్రాక్‌ను చెరిపి, సెట్టింగులను మొదటికి తేవాలి. కంప్యూటరుకు తగిలించి జీపీఎక్స్, పీఓఐ ఫోల్డర్లలో, ఆర్కైవ్‌లో ఏమీ మిగలలేదని కళ్ళతో చూసుకోవాలి. మైక్రో ఎస్‌డీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోవాలి. ఫోను యాప్‌లో ఆ పరికరం జతను విడదీయాలి. విడిగా ఉంచిన ఫైలును ఇవన్నీ పూర్తయిన తరువాతే జీపీఎక్స్ ఫోల్డరులో పెట్టి, పరికరాన్ని ఒకసారి తెరిచి, ఆ గుర్తులు మాత్రమే జాబితాలో ఉన్నాయని చూసి అప్పగించాలి.